చిన్నప్పటి లైంగిక వేధింపుల మీద ఇప్పుడు దావా: న్యూజెర్సీలో మేం వెళ్ళిన లాయర్ ఆఫీసుకి నా రివ్యూ (5కి 4)

మా పిన్ని కూతురి కేసు చూస్తున్న లాయర్ ఆఫీసు గురించి ఈ రివ్యూ. ఆఫీసు పేరు రాయడం లేదు. కేసు ఇంకా కోర్టులో ఉంది, పేరు రాస్తే ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్ళకి అది ఎవరి కేసో కనుక్కోవడం పెద్ద పనేం కాదు. పేరు లేకుండా రివ్యూ దేనికి అంటే, ఇలాంటి పనికి ఏ ఆఫీసు పనికొస్తుందో ఏది పనికిరాదో ఫోన్ ఎత్తిన కాసేపటికే తెలిసిపోతుంది, ఆ తేడా ఏంటో చెబితే ఇంకొకళ్ళకి ఉపయోగపడుతుందని. చెల్లి మొత్తం చదివి, తనకి నచ్చని వాక్యాలు తీసేయించి, ఇక పెట్టు అక్కా అన్నాకే పెడుతున్నాను.

విషయం క్లుప్తంగా ఇది. తను ఇక్కడే పెరిగింది. 2003, 2004లో, పన్నెండు పదమూడేళ్ళ వయసులో, శని ఆదివారాలు లెక్కల కోచింగ్‌కి వెళ్ళేది. అక్కడ పాఠం చెప్పే ఒక సారు. ఏం జరిగిందో రాయను, అది తన విషయం, ఈ రివ్యూకి దాంతో పని లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ పాపని ఏదో క్లాసులో చేర్చాలని మరిది ఫారం నింపుతుంటే తనకి ఊపిరాడలేదట, ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. "ఇన్నేళ్ళయ్యాక ఎవరు నమ్ముతారక్కా" అని అదే మాట మళ్ళీ మళ్ళీ. ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా ఇలాగే ఏళ్ళకేళ్ళు లోపల దాచుకుంటారు. ఫిలడెల్ఫియాలో చైల్డ్ యూఎస్ఏ అనే సంస్థ ఉంది, ప్రొఫెసర్ మార్సీ హామిల్టన్ మొదలుపెట్టింది, చిన్నప్పుడు ఇలాంటివి ఎదుర్కొన్నవాళ్ళు బయటికి చెప్పే సగటు వయసు 52 అని వాళ్ళు చెబుతారు. అంటే మా చెల్లి ముప్పైల్లోనే చెప్పింది, అది తొందరగా చెప్పినట్టే లెక్క.

ముందు మేం ఫోన్ చేసింది ఇప్పటి ఆఫీసుకి కాదు. ఫోన్లో వీడియోల మధ్య యాడ్ వచ్చే ఒక నంబరుకి, "మీరు బాధితులా, పరిహారం రావచ్చు, ఉచితంగా మాట్లాడండి" అని ఉంటుంది చూడండి, అలాంటిదానికి. ఎత్తినావిడ పేరు, నంబరు రాసుకుని నేరుగా "ఏం జరిగిందో వివరంగా చెప్పండి" అంది. చెల్లి చెప్పింది. నాకు కూడా అప్పటిదాకా చెప్పని సంగతులు ఆవిడకి చెప్పింది. అవతల కీబోర్డు టకటకలాడుతోంది, మధ్య మధ్యలో "కాస్త మెల్లిగా", "ఆ పేరు స్పెల్లింగ్ చెప్పండి" అంటోంది. అన్నీ అయిపోయాక, చిట్టచివర, పుట్టిన తేదీ అడిగి, "సారీ, ఆ విండో 2021లోనే మూసేశారు, మీ గడువు దాటిపోయింది" అని పెట్టేసింది. చెల్లి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, డిష్‌వాషర్ ఉండగా సింక్‌లో గిన్నెలు చేత్తో తోమడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది. ఆ సర్వీసుకి నేను ఒక్క స్టార్ కూడా ఇవ్వను, ఎందుకంటే వాళ్ళు చెప్పింది తప్పు. న్యూజెర్సీలో జరిగిన విషయానికి న్యూయార్క్ లెక్క చెప్పారు.

ఈ తేడా తెలియక ఎంతమంది ఫోన్ పెట్టేసి ఊరుకున్నారో అన్నదే నా బాధ, కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. హడ్సన్ నదికి అటూ ఇటూ రెండు చట్టాలు. న్యూయార్క్‌లో చైల్డ్ విక్టిమ్స్ యాక్ట్ మీద అప్పటి గవర్నర్ ఆండ్రూ క్యూమో 2019 ఫిబ్రవరి 14న సంతకం పెట్టారు. అంతకుముందు చిన్నప్పుడు వేధించినవాడి మీద సివిల్ దావా వేయాలంటే ఇరవై మూడేళ్ళ లోపే వేయాలి. కొత్త చట్టం దాన్ని 55 ఏళ్ళకి పెంచింది. కానీ అప్పటికే గడువు దాటిపోయినవాళ్ళకి ఈ 55 వర్తించదు. వాళ్ళ కోసం విడిగా ఒక విండో తెరిచారు, అంటే ఎంత పాత విషయమైనా సరే ఫలానా తేదీ లోపు కోర్టులో వేసుకోండి అని. 2019 ఆగస్టు 14న తెరిచారు, ఒక్క ఏడాదే అనుకున్నారు, కోవిడ్ వచ్చింది కాబట్టి చివరికి 2021 ఆగస్టు 14 దాకా పొడిగించారు. ఆ రెండేళ్ళలో పదివేలకు పైగా దావాలు పడ్డాయి. ఆ తేదీ దాటితే న్యూయార్క్‌లో ఆ తలుపు మూసుకుపోయినట్టే.

న్యూజెర్సీ అలా చేయలేదు. అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ 2019 మే 13న సంతకం పెట్టిన చట్టం ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. పద్దెనిమిది ఏళ్ళ లోపు వయసులో జరిగినదానికి, అది ఆ తేదీకి ముందు జరిగినా తర్వాత జరిగినా, బాధితులకి 55 ఏళ్ళు వచ్చేదాకా దావా వేయొచ్చు. లేదంటే తమకి జరిగిన నష్టానికి ఆ వేధింపులే కారణమని తెలుసుకున్న రోజు నుంచి ఏడేళ్ళ దాకా. ఈ రెండిట్లో ఏది ఆలస్యమైతే అది. పాత చట్టంలో ఇది రెండేళ్ళే. న్యూజెర్సీలో కూడా ఒక విండో ఉండేది, 2019 డిసెంబరు 1 నుంచి 2021 నవంబరు 30 దాకా. మూసేసింది ఆ విండోని. అది 55 దాటినవాళ్ళకీ, పెద్దయ్యాక వేధింపులు ఎదుర్కొని పాత గడువు దాటిపోయినవాళ్ళకీ ముఖ్యం. ముప్పైల్లో ఉన్న మా చెల్లికి ఆ విండోతో పనే లేదు. తనకి ఇంకా ఇరవై ఏళ్ళ టైముంది.

ఒకే వయసు, ఒకే ఏడాది, ఒకే రకం ఘోరం. న్యూయార్క్ వైపు క్వీన్స్‌లో జరిగితే ఒక సమాధానం, న్యూజెర్సీ వైపు ఎడిసన్‌లో జరిగితే ఇంకో సమాధానం. ఇది న్యాయమా అంటే కాదు, నాకు ఒళ్ళు మండుతుంది, కానీ ఉన్న చట్టం ఇదీ. కాబట్టి మీరు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉంటున్నారన్నది కాదు, అది ఎక్కడ జరిగిందన్నది ముందు చూసుకోండి.

ఇక ఈ ఆఫీసు. చైల్డ్ యూఎస్ఏ వాళ్ళ సైట్‌లో రాష్ట్రాల వారీగా గడువులు పెట్టారు, అది చూశాకే మాకు మళ్ళీ ఫోన్ చేసే ధైర్యం వచ్చింది. ఈసారి ఎత్తింది లాయర్‌కి సహాయకుడిగా పనిచేసే ఒక పారాలీగల్ కుర్రాడు. చెల్లి గొంతు సవరించుకుని మొదలుపెట్టబోతుంటే అతనే ఆపాడు. "ఏం జరిగిందో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. ముందు తేదీలు చూసుకుందాం. టైముందో లేదో తెలిశాక, మీకు ఇష్టమైతే, లాయర్ గారికి ఒక్కసారే చెబుదురుగాని" అన్నాడు. పుట్టిన తేదీ. అది జరిగిన సంవత్సరాలు. ఏ ఊరు, ఏ రాష్ట్రం. ఎక్కడికైనా బయటి రాష్ట్రానికి తీసుకెళ్ళాడా, పోటీ పరీక్షలకో క్యాంపులకో. వాడు ఎవరి దగ్గర పనిచేసేవాడు, అది సొంత కోచింగా, స్కూలా, గుడా, చర్చా. అప్పట్లో ఆ సంస్థలో ఎవరికైనా చెప్పారా, వాడి మీద ఇంకెవరైనా ఫిర్యాదు చేసినట్టు విన్నారా. ఎప్పుడైనా ఏదైనా కాగితం మీద సంతకం పెట్టారా. అంతే. ఆ రోజు అంతకు మించి ఏమీ అడగలేదు. మర్నాడు లాయర్ గారు, ఒకావిడ, స్వయంగా ఫోన్ చేసి, నీకు గడువుంది, ఫలానా సెక్షన్ ప్రకారం ఫలానా తేదీ దాకా ఉంది అని చెప్పి, అదే మాట ఈమెయిల్‌లో కూడా రాసి పంపింది.

నా రివ్యూ మొత్తం ఒక్క ముక్కలో అడిగితే నేను చెప్పేది ఇదే: కథ అడిగే ముందు తేదీలు అడిగే ఆఫీసుకి వెళ్ళండి. గడువు లేని మనిషి చేత ఆ గాయమంతా విప్పించి తర్వాత లాభం లేదనడం చాలా క్రూరమైన పని. అది వాళ్ళు కావాలని చేయకపోవచ్చు, ఫారంలో ప్రశ్నల వరస అలా ఉండొచ్చు. ఆ వరస మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఒకసారి ఆఫీసుకి వెళ్ళాక లాయర్ గారు చెప్పిన విషయాల్లో నాకు బాగా నచ్చినవి, ఎక్కడా డబ్బు ఆశ పెట్టకపోవడం, రాబోయేదాన్ని దాచకపోవడం. అవతలి లాయర్లు నీ కౌన్సెలింగ్ రికార్డులు అడుగుతారు, నీ పెళ్ళి గురించి అడుగుతారు, వాళ్ళ తరఫు సైకాలజిస్టు నిన్ను పరీక్షించాలంటారు, డిపోజిషన్‌లో, అంటే విచారణకి ముందు ప్రమాణం చేయించి తీసుకునే వాంగ్మూలంలో, ఒక రోజంతా కూర్చోబెట్టి ప్రశ్నలేస్తారు, ఏళ్ళు పట్టొచ్చు, ఇదంతా ఆలోచించుకునే దిగు, నీకు 55 దాకా టైముంది కాబట్టి నా కోసం తొందరపడకు అని చెప్పింది. కానీ ఇంకో మాట కూడా అంది, చట్టం ఇచ్చిన టైము వేరు, సాక్ష్యం ఉండే టైము వేరు అని. అప్పటి మనుషులు ముసలివాళ్ళవుతారు, పోతారు, కంపెనీలు మూతపడతాయి. ఆ మాట మా చెల్లిని కదిలించింది.

క్రిమినల్ కేసు సంగతి కూడా అడిగాం. న్యూజెర్సీలో లైంగిక దాడి నేరాలకి 1996 నుంచి క్రిమినల్ గడువు లేదు, కాబట్టి పోలీసుల దగ్గరికి వెళ్ళే దారి కూడా ఉంది, అది వేరే ఆఫీసు పని, కావాలంటే కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసుకి నేనే తీసుకెళ్తా అంది. మరి కొన్ని రాష్ట్రాల్లో పాత నేరాలకి సివిల్ దావా విండోలు తెరుస్తారు గానీ క్రిమినల్ కేసులు ఎందుకు తెరవరని నేనడిగాను. 2003లో అమెరికా సుప్రీంకోర్టు స్టోగ్నర్ కేసులో చెప్పిందట, ఒకసారి దాటిపోయిన క్రిమినల్ గడువుని కొత్త చట్టంతో బతికించకూడదు, అది రాజ్యాంగ విరుద్ధం అని, ఐదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపు ఇచ్చిన తీర్పు. అందుకే చాలామందికి మిగిలేది సివిల్ దావా ఒక్కటే. డబ్బు కోసం వేశారు అనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. మనవాళ్ళలో ఆ మాట అనేవాళ్ళు చాలామందే ఉన్నారు, మా ఇంట్లోనే అన్నారు.

మా ఇంటి సంగతి. పిన్ని మొదట ఏడ్చింది, తర్వాత "ఇప్పుడెందుకమ్మా తవ్వుకోవడం, పాప ఉంది, అత్తగారి వాళ్ళున్నారు" అంది. నేను పిన్నిని తప్పుపట్టను, తనకి భయం. బాబాయి మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు, లేచి బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ఒక బూట్ల డబ్బా పట్టుకొచ్చాడు. ఆ రోజుల్లో బ్యాంకు వాళ్ళు నెల స్టేట్‌మెంట్‌తో పాటు మనం రాసిన చెక్కుల్ని కూడా పంపేవాళ్ళు, ఆయన ఒక్కటి పారేయలేదు, నెల నెలకీ క్లిప్పు పెట్టి దాచాడు. 2003 సెప్టెంబరు నుంచి ఆ కోచింగ్ సెంటర్ పేరు మీద రాసిన చెక్కులు, వెనకవైపు వాళ్ళ కంపెనీ ముద్ర, అకౌంటు ఉన్న బ్యాంకు పేరు, కింద మెమోలో ఆయన చేత్తో చెల్లి పేరు, "మ్యాథ్" అని. క్లిప్పులు తుప్పుపట్టి కాగితం మీద మరకలు పడ్డాయి. లాయర్ గారు వాటిని చూసి మీ నాన్నగారికి దండం పెట్టాలి అంది.

ఎందుకంటే ఇలాంటి కేసుల్లో వాడొక్కడి మీద గెలిస్తే వచ్చేది తక్కువ, వాడి దగ్గర ఏమీ ఉండకపోవచ్చు. వాణ్ణి పనిలో పెట్టుకుని, చూసీ చూడనట్టు వదిలేసిన సంస్థ మీద కూడా నిర్లక్ష్యం కింద వేయడానికి ఆ 2019 చట్టం వీలిచ్చింది. లాభాపేక్ష లేని సంస్థలకి, ప్రభుత్వ స్కూళ్ళకి ఇదివరకు ఉన్న రక్షణ కూడా ఈ విషయంలో చాలావరకు తీసేసింది. కానీ ఆ కోచింగ్ సెంటర్ ఎప్పుడో మూతపడింది. అప్పుడు వెతకాల్సింది 2003లో వాళ్ళకి ఉన్న ఇన్సూరెన్స్ పాలసీని. ఆ ఏడాది జరిగినదానికి ఆ ఏడాది పాలసీ బాధ్యత వహించేలా రాసిన పాత పాలసీలు ఉంటాయట, కంపెనీ పోయినా పాలసీ బతికే ఉంటుంది. ఆ పాత పాలసీల్ని తవ్వి తీయడమే పనిగా ఉన్న మనుషులున్నారు. బాబాయి చెక్కుల మీద ఉన్న సరైన కంపెనీ పేరు పట్టుకుని వాళ్ళు రాష్ట్రం రిజిస్ట్రేషన్ రికార్డుల్లోకి వెళ్ళారు. ఈ పని ఆఫీసు నిజంగా శ్రద్ధగా చేసింది, ఎక్కడిదాకా వచ్చిందో అడక్కుండానే చెప్పేవాళ్ళు.

మనవాళ్ళ పిల్లలు బాయ్ స్కౌట్స్‌లో (ఇప్పుడు దాని పేరు స్కౌటింగ్ అమెరికా) చాలామంది చేరతారు కాబట్టి లాయర్ గారు చెప్పిన ఇంకో సంగతి ఇక్కడే రాస్తాను. రాష్ట్ర చట్టంలో గడువున్నా సరే, ఆ సంస్థ దివాలా పిటిషన్ వేస్తే దివాలా కోర్టు ఇంకో తేదీ పెడుతుంది, ఆ తేదీ దాటితే అంతే సంగతులు. బాయ్ స్కౌట్స్ 2020 ఫిబ్రవరిలో దివాలా వేస్తే కోర్టు ఆ ఏడాది నవంబరు 16 ఆఖరి తేదీ అంది, ఎనభై వేలకు పైగా క్లెయిములు వచ్చాయి. ఎన్ని కుటుంబాలకి ఆ తేదీ తెలియనే లేదో. నాకూ 55 దాకా ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు.

ఫీజు సంగతి అందరూ అడుగుతారు. గెలిస్తేనే ఫీజు. న్యూజెర్సీ కోర్టు రూలు ప్రకారం మొదటి 7,50,000 డాలర్ల మీద మూడో వంతు మించి తీసుకోకూడదు, ఆ పైన శాతం ఇంకా తగ్గుతుంది. ఫైలింగ్ ఫీజులు, నిపుణుల ఫీజులు లాంటి ఖర్చులు ముందు తీసేసి మిగిలినదాని మీదే శాతం లెక్క కట్టాలి. ఈ ఆఖరి ముక్క ఒప్పందంలో ఉంది కానీ చాలా చిన్న అక్షరాల్లో, వంకర ఇంగ్లీషులో ఉంది, నేను పట్టుబట్టి అడిగితే అప్పుడు ఒక ఉదాహరణ అంకెలేసి చూపించారు. ఇది అడగకుండానే చూపించాలి. అర స్టార్ అక్కడ తగ్గించాను.

మిగతా అర స్టార్ భాష దగ్గర. పిన్నితో, బాబాయితో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆఫీసు వాళ్ళు హిందీ దుబాసీని పిలిపించారు. పిన్నికి హిందీ సినిమా చూసేటంత వచ్చు, కూతురి గురించి ఇలాంటి విషయం చెప్పేటంత రాదు. ఆవిడ "అదీ... ఇదీ..." అని ఆగిపోయి తల దించుకుంటే, ఆ దుబాసీ తన సొంత మాటలతో నింపేస్తున్నాడు. నేను అక్కడే ఆపించాను. పైగా అతను మగవాడు, అది కూడా ముందే అడగాలి. తర్వాత తెలుగావిడని ఏర్పాటు చేశారు, ఆ రోజు పిన్ని మాట్లాడింది, చాలాసేపు మాట్లాడింది, ఆ సారు ఒకసారి ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్ళిన రోజు చెల్లి గదిలోంచి బయటికి రాలేదన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చి చెప్పింది. కేసుకి అది ఎంత పనికొచ్చిందో లాయర్ గారి మొహంలోనే కనబడింది. తెలుగు అని ఒక్క మాట ముందు అడిగి ఉంటే ఆ మొదటి రోజు వృథా అయ్యేది కాదు.

పేరు బయటికొస్తుందేమో అన్నది చెల్లికి అన్నిటికంటే పెద్ద టెన్షన్. దావా తన పేరుతో వేయలేదు, పొడి అక్షరాలతో వేశారు, చిన్నప్పటి లైంగిక వేధింపుల కేసుల్లో ఇక్కడి చట్టం దానికి వీలిస్తుంది. కోర్టు సైట్‌లో వెతికినా తన పేరు రాదు. అవతలి పక్షానికి తెలుస్తుంది, తప్పదు. ఇది మొదటి రోజే చెప్పడం మంచిదైంది, లేకపోతే తను అసలు ఒప్పుకునేది కాదు.

వేరే రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళ కోసం నాకు తెలిసినంతలో కొంచెం. కాలిఫోర్నియాలో చిన్నప్పటి వేధింపులకి 40 ఏళ్ళ దాకా, లేదా తెలుసుకున్నప్పటి నుంచి ఐదేళ్ళు. 40 దాటాక వేస్తే లాయరూ, లైసెన్సు ఉన్న మానసిక వైద్య నిపుణులూ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2024 జనవరి 1 తర్వాత జరిగినదానికైతే గడువే లేదు. టెక్సస్‌లో పద్దెనిమిది నిండాక ముప్పై ఏళ్ళు, అంటే 48 దాకా, కానీ 2019 సెప్టెంబరు 1కి ముందే దాటిపోయినవి దాటిపోయినట్టే. మేరీలాండ్ 2023లో గడువు పూర్తిగా ఎత్తేసింది, 2025 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు అది సరైనదే అంది, ఆ తర్వాత పరిహారం మీద పరిమితులు తగ్గించారు. పెన్సిల్వేనియా గురించి రాయాలంటేనే నాకు బాధ. 2018లో గ్రాండ్ జ్యూరీ (నేరారోపణలు పరిశీలించే పౌరుల బృందం) నివేదిక మూడొందల మందికి పైగా ప్రీస్టుల పేర్లు, వెయ్యికి పైగా బాధితుల సంగతి బయటపెట్టింది, ఆ రాష్ట్రంలోనే పాత కేసులకి విండో లేదు. రాజ్యాంగ సవరణ పెట్టి తెద్దామనుకుంటే పేపర్లలో వేయాల్సిన ప్రకటన అధికారులు వేయడం మర్చిపోయారు, 2021 ఫిబ్రవరిలో ఆ ప్రకటన వేయాల్సిన రాష్ట్ర శాఖకి పెద్దగా ఉన్న కేథీ బూక్వార్ రాజీనామా చేసింది. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసినవాళ్ళ ఆశ ఒక గుమస్తా పని దగ్గర ఆగిపోయింది. ఈ చట్టాలు తరచూ మారుతుంటాయి కాబట్టి నేను రాసింది చూసి మీకు మీరే లేదు అనుకోవద్దు, లాయర్‌ని అడగండి, మొదటిసారి మాట్లాడటానికి చాలా చోట్ల డబ్బు తీసుకోరు.

విజయవాడలో మా అమ్మ ఇదంతా విని, "మరి ఇక్కడ జరిగి ఉంటే?" అని అడిగింది. ఇండియాలో ఇలాంటి పరిహారం దావాకి ప్రత్యేకమైన గడువంటూ లేదు, 1963 లిమిటేషన్ చట్టంలో మామూలు మూడేళ్ళ లెక్కే. మైనరుగా ఉన్నప్పుడు జరిగితే పద్దెనిమిది నిండాక మూడేళ్ళు, అంటే ఇరవై ఒకటి. ఇంజనీరింగ్ మూడో ఏడో నాలుగో ఏడో చదివే పిల్ల, ఇంట్లో అమ్మానాన్నల మీద ఆధారపడ్డ పిల్ల, ఆ వయసులో ఎవరి మీద దావా వేస్తుంది? క్రిమినల్ వైపు కొంత నయం, పోక్సో చట్టం కింద ఫిర్యాదుకి గడువు లేదని 2018లో మేనకా గాంధీ మంత్రిగా ఉన్నప్పుడు కేంద్రం స్పష్టం చేసింది, ప్రత్యేక కోర్టు పరిహారం కూడా ఇప్పించగలదు. కానీ ఆ చట్టం అమల్లోకి వచ్చిందే 2012 నవంబరు 14న, అంతకుముందు పిల్లలుగా ఉన్నవాళ్ళకి అది దొరకదు. సివిల్ గడువు గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. మాట్లాడాలి.

ఆఫీసు గురించి మిగిలినవి. ఫోన్ చేస్తే ఎత్తుతారు, ఈమెయిల్‌కి జవాబు మాత్రం ఆలస్యం. వెయిటింగ్ రూమ్‌లో మిగతా క్లయింట్ల కంట పడకుండా పక్క తలుపులోంచి లోపలికి తీసుకెళ్ళారు, అడగకుండానే. కౌన్సెలింగ్‌కి వెళ్తున్నావా అని ప్రతిసారీ అడిగేవాళ్ళు. వెళ్ళకపోతే కేసుకి నష్టమని కాదు, ఒంటరిగా మోయొద్దని. చెల్లికి అర్ధరాత్రి గుండె దడ వచ్చిన రోజుల్లో లైంగిక దాడి బాధితుల కోసం పనిచేసే రెయిన్ (RAINN) సంస్థ హెల్ప్‌లైన్ 800-656-4673కి చేసేది, అక్కడ ఎప్పుడూ మనిషి పలుకుతారు. మన దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం న్యూజెర్సీలోనే 1985 నుంచి మానవి అనే సంస్థ ఉంది, పరువు, అత్తగారు, నలుగురూ ఏమనుకుంటారు లాంటివి అక్కడ మొదటి నుంచీ విడమర్చి చెప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు కేసు డిస్కవరీ దశలో, అంటే రెండు పక్షాలూ ఒకరి దగ్గరున్న కాగితాలు, సాక్ష్యాలు ఇంకొకరు అడిగి తీసుకునే దశలో, ఉంది. పాత ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ ఉన్నట్టు ఒప్పుకుంది, బాధ్యత ఒప్పుకోలేదు. త్వరలో పిన్ని డిపోజిషన్ ఉంది. ఈసారి ఆఫీసు వాళ్ళే ముందుగా ఫోన్ చేసి, తెలుగు దుబాసీ, ఆడవాళ్ళే, బుక్ చేశాం అని చెప్పారు. మీరు వెళ్ళే ఆఫీసులో అలా చెప్పకపోతే మీరే అడగండి, హిందీ వద్దు తెలుగే కావాలని గట్టిగా చెప్పండి. న్యూజెర్సీ కోర్టులో విచారణకైతే దుబాసీని కోర్టే ఉచితంగా ఇస్తుంది, దానికి ఎవరైనా మీ దగ్గర డబ్బులడిగితే ఇవ్వకండి.